అభిమాన సంగీతకారుడి గౌరవార్థం పచ్చబొట్టు: వేయించుకోవాలా, ఆగాలా?

స్వరయాత్రి
సభ్యులకు నమస్కారం. చిన్నతనం నుంచి వింటున్న ఒక స్వరకర్త గౌరవార్థం ముంజేతి లోపలి వైపున పచ్చబొట్టు వేయించుకోవాలన్న కోరిక నాకు చాలాకాలంగా ఉంది. ఆయన పేరు కావాలనే చెప్పడం లేదు. చెబితే చర్చ పచ్చబొట్టును వదిలేసి ఆయన ఉత్తమ రచన ఏదన్న వాదనలోకి వెళ్ళిపోతుందని ఈ వేదికను ఎరిగినవారికి వివరించనక్కరలేదు. ఆయన జీవించే ఉన్నారు, కచేరీలు చేస్తున్నారు, కొత్త రచనలూ చేస్తున్నారు అన్నంత వరకు తెలిస్తే చాలు.

నా మనసులో మూడు నమూనాలు ఉన్నాయి. ఒకటి ఆయన ముఖచిత్రం, రెండవది ఆయన సంతకం, మూడవది ఆయన రచనల్లో నాకు అత్యంత ప్రియమైన దాని తొలి వరుస స్వరాలు. ఇంతవరకు నా ఒంటి మీద ఏ పచ్చబొట్టూ లేదు. ఏది బాగుంటుందన్న ప్రశ్న కంటే ముందు, అసలు ఒక సంగీతకారుడి కోసం ఇలాంటి శాశ్వతమైన పని చేయవచ్చా అన్న విషయంలో మీ అభిప్రాయాలు తెలుసుకోవాలని ఉంది.

మంద్రస్వరం
మీరు ఇచ్చిన వివరాల్లో నన్ను ఆపినది ఒక్కటే: ఆయన జీవించి ఉండడం. జీవించి ఉన్న మనిషి రేపు ఏం మాట్లాడతారో, ఎవరి పక్షాన నిలబడతారో, ఎలాంటి ఆరోపణలను ఎదుర్కొంటారో మనకు తెలియదు. రికార్డు అయితే అలమరలో వెనక్కి నెట్టవచ్చు, గోడ మీది చిత్రాన్ని దించవచ్చు. ముంజేతిని మాత్రం రోజూ పది మంది చూస్తారు, చూసిన ప్రతివారూ "ఇది ఎవరు?" అని అడుగుతారు, ఆ ప్రశ్నకు జవాబు చెప్పడం ఎప్పటికీ ఇప్పుడున్నంత ఇష్టంగానే ఉంటుందన్న హామీ ఆ సంగీతకారుడు మీకు ఇవ్వలేదు. ఇందులో ఆయన తప్పు కూడా లేదు. ఆయన మీకు సంగీతాన్ని ఇచ్చారే తప్ప తన నడవడికి పూచీ ఇవ్వలేదు కదా.

నా సలహా ఆగమనే. ఆగితే పోయేది ఏమీ లేదు.

పాతరికార్డు
మంద్రస్వరం గారి మాటలో సగంతోనే ఏకీభవిస్తాను. నా భుజం మీద ఒక సంగీత బృందపు గుర్తు ఉంది. వేయించుకున్నప్పుడు నాకు ఇరవై దాటలేదు, ఇప్పుడు జుట్టు నెరిసింది. ఆ బృందం పాటలు నేను ఈమధ్య పెద్దగా వినడం లేదు, నిజం చెప్పాలంటే వాటిలో కొన్ని ఇప్పుడు వింటే నవ్వు వస్తుంది. అయినా ఆ గుర్తును చూసినప్పుడు చికాకు కలగదు, ఎందుకంటే అది ఆ బృందం గురించి చెప్పేదాని కంటే, ఆ వయసులో నన్ను నిలబెట్టినది ఏమిటో చెప్పేదే ఎక్కువ. అభిరుచి మారుతుందన్న భయంతో మానుకోవడమే నియమమైతే మనం దేనికీ కట్టుబడలేము.

అయితే అది ముఖం కాకపోవడం నా అదృష్టమని మాత్రం ఒప్పుకుంటాను. గుర్తుకు ఎదుటివారు అడిగితే చెప్పే అర్థం ఉంటుంది, అడగకపోతే అది ఊరుకుంటుంది. ముఖం అలా ఊరుకోదు.

నల్లసిరా
పచ్చబొట్లు వేయడం నా వృత్తి. వేయించుకోవాలా వద్దా అన్నది మీ నిర్ణయం, అందులో నేను తలదూర్చను. మీరు చెప్పిన మూడింటిని చర్మం ఎంతవరకు మోయగలదో మాత్రం చెబుతాను.

సూది సిరాను చర్మపు పైపొర దాటించి, సుమారు ఒకటి నుంచి రెండు మిల్లీమీటర్ల లోతున ఉండే రెండవ పొరలో వదులుతుంది. పైపొర ఎప్పటికప్పుడు రాలిపోయి కొత్తది వస్తుంటుంది కాబట్టి అక్కడ పడిన రంగు నిలవదు. మరీ లోతుకు దిగితే గీత చుట్టూ నీలినీడలా పాకిపోతుంది. సరైన లోతులో పడిన గీత కూడా ఏళ్ళు గడిచేకొద్దీ లావెక్కుతుంది, ఇది పనితనంలో లోపం కాదు. సిరాను మింగి పట్టుకునేవి చర్మంలోని మాక్రోఫేజ్ కణాలు. అవి చనిపోయినప్పుడు వదిలిన రంగును కొత్త కణాలు మళ్ళీ మింగుతాయని 2018లో ఫ్రాన్స్ పరిశోధకులు ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో చూపించారు. అంటే లోపల రంగు చేతులు మారుతూనే ఉంటుంది. కాబట్టి ఈరోజు ఎంత సన్నగా గీయించుకోగలరన్నది పెద్ద విషయం కాదు, గీతకూ గీతకూ మధ్య ఎంత ఖాళీ వదిలారన్నదే మీ పచ్చబొట్టు ఆయుష్షును నిర్ణయిస్తుంది.

ఇక ముఖచిత్రం. పోలికను ఇచ్చేవి కనురెప్ప మడత, కంటిపాపలోని వెలుగుచుక్క, పెదవి అంచు వంటి చిన్న చిన్న వివరాలు. అరచేయంత జాగా అయినా లేనిదే ఇవి నిలవవు. వెంట్రుకవాసి తేడా వచ్చినా అది మీ స్వరకర్త కాదు, ఆయనకు దూరపు బంధువు అవుతుంది. నేను ముఖచిత్రాలు వేయను. వాటిలోనే ఏళ్ళుగా పనిచేసినవారు ఉంటారు, వారి దగ్గరికే వెళ్ళండి. వెళ్ళినప్పుడు అప్పుడే వేసిన వాటి ఫోటోలు చూసి మురిసిపోకుండా, నాలుగైదేళ్ళ కిందట వేసినవి ఇప్పుడు ఎలా ఉన్నాయో చూపమని అడగండి. ఆ ఫోటోలు లేవన్నవారి దగ్గర చేయి చాచవద్దు.

సంతకం సాంకేతికంగా తేలిక. కాని ఇంటర్నెట్‌లో దొరికే సంతకాలలో నకిలీలు చాలా ఉంటాయి, కాబట్టి ఆయన మీ కళ్ళ ముందు చేసినది అయితేనే దానిని చర్మం మీదికి తీసుకురండి.

స్వరాల వరుస గురించి, ఏ లిపిలో, ఎంత పొడవు అన్నది తెలిస్తే చెప్పగలను.

స్వరయాత్రి
ఇంత వివరంగా రాసినందుకు కృతజ్ఞతలు. ముఖచిత్రం ఆలోచనను దాదాపుగా విరమించుకున్నాను. నా చేతికి అంత జాగా లేదు, పైగా పాతరికార్డు గారు చెప్పిన "ఊరుకోని ముఖం" మాట నా మనసులో నాటుకుంది.

స్వరాలను తెలుగు అక్షరాల్లో, స్థాయిని సూచించే చుక్కలతో సహా, ఒకే వరుసలో, చాలా చిన్నగా, దూరానికి సన్నని గొలుసులా కనిపించేలా రాయించాలని ఉంది. నా చర్మం బాగా నలుపు. రంగులు ఏమైనా కలపవచ్చా?

తరంగం
స్వరాలకు బదులు ఆ రచనలోని కొన్ని క్షణాల ధ్వనితరంగాన్నే గీయించుకుని, ఫోన్ కెమెరాను దాని మీద పెడితే పాట వినిపించే పద్ధతి ఒకటి ఉంది. దానిని పరిశీలించారా?

నల్లసిరా
తరంగం గారూ, ఆ పద్ధతి నాకు తెలుసు. అక్కడ పాట ఉండేది చర్మంలో కాదు, ఎవరో నడిపే సర్వర్‌లో. ఆ సేవ ఆగిపోతే మిగిలేది ఎత్తుపల్లాల గీతలే, వాటిని చూసి అది ఏ పాటో ఆ పాట స్వరకర్త కూడా చెప్పలేరు.

స్వరయాత్రి గారూ, మీ చర్మానికి నలుపు సిరా ఒక్కటే చాలు. సిరా ఉండేది చర్మానికి నలుపునిచ్చే మెలనిన్ ఉన్న పొరకు కింద కాబట్టి ప్రతి రంగునూ మీ చర్మపు రంగులోంచే చూస్తాము. పసుపు, లేతగులాబీ, తెలుపు వంటివి మసకబారి కనిపిస్తాయి. నల్లని చర్మం మీద పచ్చబొట్టు బాగుండదన్నది అపోహ. గీతలు కాస్త దిట్టంగా, ఖాళీలు కాస్త పెద్దగా ఉండాలి, అంతే. ఈ విషయంలో బ్లాక్ ఫ్లాగ్ అనే అమెరికన్ పంక్ రాక్ సంగీత బృందానికి రేమండ్ పెటిబాన్ గీసిన గుర్తును చూడండి. ఎత్తుపల్లాలుగా నిలబడిన నాలుగు నల్ల పట్టీలు, మధ్యలో ఖాళీలు, మరేమీ లేదు. సంగీతాభిమానులు ఎక్కువగా వేయించుకునే గుర్తుల్లో అది ఒకటి. ఎంత పాతబడినా ఆ పట్టీలు పట్టీలుగానే ఉంటాయి.

గుండ్రనక్షరం
తెలుగు అక్షరాల రూపకల్పన నా పని కాబట్టి ఈ "చాలా చిన్నగా" అన్న మాట దగ్గర ఆగిపోయాను. ఇంగ్లీషు అక్షరాలతో చేసే పచ్చబొట్ల కొలతలను తెలుగుకు వర్తింపజేయకూడదు. మన అక్షరాల్లో చాలా వాటికి తేడా చూపేది ఒక చిన్న ఖాళీయో, ఒక చిన్న గీతో మాత్రమే.

స్వరాలనే తీసుకోండి. పంచమానికి రాసే "ప"లో తలకట్టు కింది భాగాన్ని తాకదు, మధ్యలో సన్నని సందు ఉంటుంది. నల్లసిరా గారు చెప్పినట్టు గీత లావెక్కి ఆ సందు పూడుకుపోతే అది "వ"గా మారుతుంది. మీ స్వరకర్త ఏ రచనలోనూ ఆ స్వరాన్ని వాడి ఉండరు. "స"కు కూడా ఇదే ప్రమాదం ఉంది, అందులోనూ తలకట్టు విడిగానే ఉంటుంది. "మ", "ద" వంటి వాటి లోపలి సున్నలు చిన్నవైతే కాలక్రమంలో నల్లని ముద్దలు అవుతాయి. దీర్ఘాలు రాస్తే ఇంకా జాగా కావాలి.

అన్నిటికంటే కష్టం చుక్కలతోనే. తారస్థాయికి (పై స్థాయికి) అక్షరం పైన, మంద్రస్థాయికి (కింది స్థాయికి) కింద పెట్టే చుక్క చర్మం మీద పుట్టుమచ్చలా కనిపిస్తుంది. నిజమైన పుట్టుమచ్చ ఒకటి సరిగ్గా "ని" కింద ఉందనుకోండి, చదవగలిగినవారికి మీ రచన మొత్తం మరో స్థాయిలోకి దిగిపోతుంది. కాబట్టి అక్షరం ఎత్తు కనీసం చిటికెన వేలి గోరంత ఉండాలని, తలకట్టుకు కింద సందును అచ్చులో ఉండేదానికంటే రెట్టింపు చేయాలని, చుక్క వ్యాసం గీత మందం కంటే స్పష్టంగా పెద్దదిగా ఉండాలని నా సూచన. కంప్యూటర్‌లోని ఫాంటును ఉన్నది ఉన్నట్టుగా వాడవద్దు. అవి కాగితం కోసం, తెర కోసం చేసినవి. చేతిరాతలో ఉన్న అక్షరమే చర్మం మీద సహజంగా ఉంటుంది.

ఐదుగీతలు
నేను వయొలిన్ వాయిస్తాను, పాశ్చాత్య సంగీతలిపి చదువుతాను. ఆ లిపిలో వేయించుకున్న పచ్చబొట్లను చూసినప్పుడల్లా అప్రయత్నంగా చదివేస్తాను, చాలాసార్లు బాధపడతాను. గీతల మొదట్లో ఉండే చిహ్నం అద్దంలో ప్రతిబింబంలా తిరగబడి ఉంటుంది, లేదా స్వరం ఐదు గీతలలో ఒక గీత కిందికి జారి పాటే మారిపోయి ఉంటుంది. స్వరయాత్రి గారు తెలుగు స్వరాలను ఎంచుకోవడం ఆ విధంగా మేలే. ఐదు గీతలు పక్కపక్కనే సన్నగా ఉండాల్సిన లిపికి, గీతలు లావెక్కే చర్మానికి పొసగదు.

అయినా తాళగతిని గుర్తించే గీతలను, కామాలను వదిలేస్తారా, ఉంచుతారా అన్నది ఇప్పుడే తేల్చుకోండి. అవి లేకపోతే అవే స్వరాలు మరెన్నో రచనలకు సరిపోతాయి. అవి ఉంటే వరుస పొడవు పెరుగుతుంది. నమూనా సిద్ధమయ్యాక స్వరజ్ఞానం ఉన్న ఒకరి చేత, ఆ రచన పేరు చెప్పకుండా, పాడించి వినండి. వారు పాడినది మీకు గుర్తుకు వస్తేనే అది సరైన నమూనా.

మీరు కూడా ఏదైనా వాయిద్యం వాయించేవారైతే ఒక మాట. పచ్చబొట్టు పైకి మానడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. ఆ రోజుల్లో ముంజేయి గిటారు అంచుకో, వీణ కుండకో, మరే వాయిద్యానికో ఒరుసుకోకుండా చూసుకోవాలి. కచేరీలు ఉన్న నెలలో ఆ పని పెట్టుకోవద్దు.

చర్మవైద్యం
వైద్యం వైపు నుంచి కొన్ని మాటలు. ఇవి మీ చర్మాన్ని చూడకుండా చెబుతున్నవని గమనించండి.

మీకు గాని, రక్తసంబంధీకులకు గాని గాయం మానిన చోట మచ్చ ఉబ్బి, గాయపు హద్దు దాటి పెరిగే కెలాయిడ్ స్వభావం ఉంటే పచ్చబొట్టు జోలికి పోకపోవడమే మంచిది. నల్లని చర్మం ఉన్నవారిలో ఈ స్వభావం ఎక్కువగా కనిపిస్తుంది. సోరియాసిస్ ఉన్నవారికి సూది గుచ్చిన చోటే కొత్త మచ్చలు రావచ్చు. రక్తం పలచబడే మందులు వాడుతున్నవారు ముందుగా వైద్యుడిని అడగాలి. పుట్టుమచ్చ మీద సిరా పడనివ్వకూడదు, ఎందుకంటే ఆ మచ్చలో ఎప్పుడైనా ప్రమాదకరమైన మార్పు వస్తే సిరా దానిని కనబడనివ్వదు. గుండ్రనక్షరం గారి హెచ్చరికకు ఇది నా వైపు నుంచి మరో కారణం. అలర్జీలు ఎక్కువగా వచ్చేది ఎరుపు సిరాతో, కొన్నిసార్లు ఏళ్ళు గడిచాక కూడా వస్తాయి. మీరు నలుపుకే పరిమితమవుతున్నారు కాబట్టి ఆ బెడద తగ్గుతుంది.

శుభ్రత విషయంలో కొత్త సూది, కొత్త చేతితొడుగులు అందరూ గమనిస్తారు. సిరాను మాత్రం చాలామంది పట్టించుకోరు. బూడిద రంగు నీడల కోసం నలుపు సిరాను పలచన చేస్తారు. 2011–12లో న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్‌లో ఒకే రకమైన, ముందే పలచన చేసి అమ్మిన సిరా వల్ల పలువురికి మైకోబాక్టీరియా అనే సూక్ష్మజీవుల సంక్రమణ వచ్చింది. అక్కడ సూదులు శుభ్రంగానే ఉన్నాయి, దోషం సిరాలో ఉంది. కాబట్టి సీసా ఎవరు తయారుచేసినది, ఎప్పుడు తెరిచినది, పలచన చేయడానికి స్టెరైల్ నీటినే వాడుతున్నారా అని అడగడం అమర్యాద కాదు. అలాగే పచ్చబొట్టు తరువాత రక్తదానానికి కొన్ని నెలలు ఆగాలన్న నియమం చాలా దేశాల్లో ఉంది. మీరు క్రమం తప్పక రక్తదానం చేసేవారైతే దానినీ లెక్కలోకి తీసుకోండి.

"నచ్చకపోతే లేజర్‌తో తీసేయవచ్చు" అన్న ధీమాతో మాత్రం వెళ్ళవద్దు. లేజర్ సిరా రేణువులను ముక్కలు చేస్తుంది, వాటిని శరీరం మెల్లగా తరలించుకుపోతుంది. ఒక విడతకూ మరో విడతకూ మధ్య సాధారణంగా ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగాలి, అలాంటి విడతలు అనేకం కావాలి, ఆపైన కూడా నీడ మిగలవచ్చు. నలుపు మిగతా రంగులకంటే తేలికగా పోతుంది, ఆకుపచ్చ, పసుపు మొండివి. నల్లని చర్మంలో మెలనిన్ కూడా లేజర్ కాంతిని పీల్చుకుంటుంది కాబట్టి, దానిని తక్కువగా తాకే 1064 నానోమీటర్ల తరంగదైర్ఘ్యాన్ని ఎంచుకునే అనుభవజ్ఞుల దగ్గరికే వెళ్ళాలి.

చిరుగంట
ముందుగా కొన్నాళ్ళు తాత్కాలికంగా వేసుకుని చూడవచ్చు కదా? నల్ల గోరింటాకుతో అచ్చం పచ్చబొట్టులాగే ఉంటుంది.

చర్మవైద్యం
ఆలోచన మంచిది, పదార్థం మంచిది కాదు. అసలైన గోరింటాకు ఎర్రగోధుమ రంగులోనే పండుతుంది. నిమిషాల్లో నల్లగా పండేలా చేసే మిశ్రమాల్లో జుట్టురంగుల్లో వాడే పీపీడీ అనే రసాయనం ఉంటుంది. అది బొబ్బలు, మచ్చలు కలిగించడమే కాక, ఆ తరువాత జీవితాంతం జుట్టురంగులు కూడా పడని అలర్జీని మిగల్చవచ్చు. అంటించి తీసేసే స్టిక్కరో, మామూలు గోరింటాకో సరిపోతుంది.

హక్కులపత్రం
ఈ చర్చలో రాని కోణం ఒకటి ఉంది. స్వరకర్త రచన, ఆయన ఫోటో, ఆల్బం అట్ట మీది బొమ్మ ఇవన్నీ ఎవరో ఒకరి హక్కులో ఉంటాయి. ఫోటో హక్కు చాలాసార్లు సంగీతకారుడిది కాదు, తీసినవారిది. అమెరికాలో కాట్ వాన్ డీ అనే ప్రసిద్ధ పచ్చబొట్టు కళాకారిణి 2017లో ఒక స్నేహితుడి చేతి మీద జాజ్ సంగీతకారుడు మైల్స్ డేవిస్ ముఖాన్ని వేశారు. ఆధారం 1989లో జెఫ్రీ సెడ్లిక్ తీసిన ఫోటో. ఆయన 2021లో దావా వేశారు. 2024 జనవరిలో లాస్ ఏంజెలెస్ జ్యూరీ ఆమె పక్షాన తీర్పు ఇచ్చింది. గమనించవలసినది ఏమిటంటే దావా వేయించుకున్న వ్యక్తి మీద కాదు, వేసినవారి మీద. కాబట్టి స్వరయాత్రి గారికి చిక్కు వచ్చే అవకాశం చాలా తక్కువ. కాని నల్లసిరా గారి వంటివారు ఒక్కోసారి ఫోటోను ఉన్నదున్నట్టు దించడానికి ఎందుకు వెనకాడతారో ఇప్పుడు అర్థమవుతుంది. ఒక దేశపు తీర్పు మరో దేశానికి వర్తించదన్నది వేరే చెప్పనక్కరలేదు.

మంద్రస్వరం
చర్చ అంతా ఎలా వేయించుకోవాలన్న వైపే నడుస్తోంది, వేయించుకోవాలా అన్నది మరుగున పడింది. నా అభ్యంతరం అలాగే ఉంది. అక్షరాలైనా, ముఖమైనా, ఆయన ప్రతిష్ఠకు మచ్చ వస్తే అది మీ చేతి మీదికి రాదా?

పాతరికార్డు
వస్తుంది, కాని సమానంగా రాదు. ముఖం, పేరు, సంతకం ఈ మూడూ మనిషివి. స్వరాల వరుస రచనది. రేపు ఆ మనిషి మీద గౌరవం పోతే, మొదటి మూడింటినీ చూపి "ఇది నా గౌరవం" అనలేరు. నాలుగోదానిని చూపి "ఈ రచన నన్ను ఫలానా చీకటి రోజుల్లోంచి దాటించింది" అని అప్పుడు కూడా నిజాయితీగా అనవచ్చు. జరిగినది వెనక్కి పోదు కదా. స్వరయాత్రి గారు తేల్చుకోవలసినది ఇక్కడే ఉంది: ఆ స్వరకర్త రేపటి నుంచి అపరిచితుడైపోయినా ఆ ఒక్క వరుసను మీరు ఇష్టంగా హమ్ చేయగలరా?

మంద్రస్వరం
ఈ భేదం నేను ఆలోచించనిది. దీనితో నా అభ్యంతరం పూర్తిగా తొలగలేదు గాని, ముఖానికీ సంతకానికీ ఉన్నంత బలంతో స్వరాలకు వర్తించదని ఒప్పుకుంటున్నాను. అయితే ఆ పక్కనే ఆయన పేరో, రచన వెలువడిన సంవత్సరమో చేర్చాలన్న కోరిక మీకు తప్పక కలుగుతుంది. దానిని మాత్రం ఆపుకోండి.

స్వరయాత్రి
పేరు చేర్చాలన్న కోరిక నిజంగానే కలిగింది, మంద్రస్వరం గారికి ఎలా తెలిసిందో! పాతరికార్డు గారి ప్రశ్నకు నా జవాబు: హమ్ చేయగలను. ఆ రచనను నేను మొదట విన్నప్పుడు అది ఎవరిదో కూడా నాకు తెలియదు.

ప్రస్తుతానికి నేను అనుకుంటున్నది ఇది. సంతకం, ముఖం వద్దు. తొలి వరుస మొత్తం కాక అందులోని మొదటి ఆవృతం (తాళం ఒక చుట్టు) మాత్రమే, తాళగతి గుర్తులతో, నలుపులో, గుండ్రనక్షరం గారు చెప్పిన కొలతలో. నా తల్లి వైపు బంధువుల్లో ఒకరికి చెవి కుట్టిన చోట మచ్చ ఉబ్బిందని గుర్తు, కాబట్టి ముందుగా చర్మవైద్యుడిని కలిసి, ఆయన వద్దంటే ఈ ఆలోచనను అక్కడితో వదిలేస్తాను. ఈలోగా చేతిరాత నమూనాను స్టిక్కరుగా చేయించి అంటించుకుంటాను.

ఒక చిన్న సందేహం మిగిలింది. అక్షరాలు నా వైపు తిరిగి ఉండాలా, ఎదుటివారి వైపు ఉండాలా?

నల్లసిరా
చేయి కిందికి వేలాడదీసి నిలబడినప్పుడు ఎదుటివారికి నిటారుగా కనిపించాలన్నది మా వృత్తిలో సాధారణంగా పాటించే పద్ధతి. బొమ్మలకు నేను దానినే పట్టుబడతాను. మీది చదువుకునే వరుస, అదీ ముంజేతి లోపలి వైపు కాబట్టి, మోచేతి నుంచి మణికట్టు వైపు నిలువుగా నడిపిస్తే ఎవరికీ పూర్తిగా తలకిందులు కాదు. మీరు చేతిని ఛాతీకి అడ్డంగా పెట్టుకున్నప్పుడు చదువుకోగలగాలా, చాచినప్పుడు ఎదుటివారు చదవగలగాలా అన్నది స్టిక్కరు అంటించుకున్న రోజుల్లోనే మీకు తెలిసిపోతుంది.

స్టిక్కరుతోనే మరొకటి కూడా చూసుకోండి. అరచేతిని పైకీ కిందికీ తిప్పినప్పుడు ముంజేతి చర్మం మెలి తిరుగుతుంది. బల్ల మీద అరచేయి పైకి పెట్టి నేరుగా దించిన వరుస, నిలబడి చేయి వదిలేసరికి వంకరపోతుంది. అచ్చు దించే రోజున మిమ్మల్ని కూర్చోబెట్టి పని మొదలుపెట్టబోతే, ముందుగా నిలబడి, చేయి వదులుగా ఉంచి, అద్దంలో చూసుకుని, అవసరమైతే అచ్చును తుడిపించి మళ్ళీ దించమని అడగండి. దానికి విసుక్కునే కళాకారుడి దగ్గర ఆ రోజు సూది గుచ్చించుకోవద్దు.